డిస్కు ఇమేజి నుండి లేచిన సర్వర్లు – కావలి ఏజెంట్లు

చెడిన విండోస్ సర్వరును, ముందు భద్రపరచిన డిస్కు ఇమేజి నుండి పునర్నిర్మించుట నేడు వాడుకలోనున్న పద్ధతి. ఇమేజి యనగా ఆ డిస్కునకు యథాతథమైన నకలు. కావున నాటి లెక్కలును, నాటి గుర్తులును దానితో వచ్చును. భద్రతను కనిపెట్టు ఏజెంటు విషయమున నిది గమనింపదగినది.

ఉదాహరణమునకు ఓసెక్ అను సాధనమున ప్రతి ఏజెంటునకును ఒక సంఖ్యయు, రహస్యపు కీయు ‘క్లయింట్.కీస్’ అను ఫైలులో నుండును. ఏజెంటు పంపు సందేశముల వరుస లెక్క ‘రిడ్స్’ అను ఫోల్డరులో నుభయపక్షములందును నిలుచును. పాత సందేశమును శత్రువు మరల పంపి మోసగింపకుండుటకే యీ యేర్పాటు.

ఇందువలన రెండు చిక్కులు గలవు. ఒక సర్వరును దాని పాత ఇమేజి నుండియే నిలిపినచో లెక్క వెనుకబడును. కేంద్ర సర్వరు దాని సందేశములను త్రోసిపుచ్చును. ఏజెంటు నడుచుచునే యుండును గాని, దాని మాట వినబడదు. అప్పుడు రెండుచోట్లను సేవలనాపి, ఆ ఏజెంటు లెక్కను తొలగించి, తిరిగి నడపవలెను. ఒకే ఇమేజి నుండి పెక్కు సర్వర్లను చేసినచో అన్నింటికిని ఒకే కీ సంక్రమించును. దాడి యే యంత్రమున జరిగినదో తేల్చుట దుష్కరము. కావున ఇమేజి తీయకముందే కీని తొలగించి, సిస్‌ప్రెప్ నడపవలెను. ప్రతి సర్వరును తన పేరు పొందిన పిదపనే దానికి వేరు కీ నొసగవలెను.

సేవ నడుచుచున్నంత మాత్రమున కావలి కుదిరినట్లు కాదు. తప్పు పాస్‌వర్డుతో నొకసారి ప్రవేశింప యత్నించినచో, విండోస్ వ్రాయు 4625 సంఖ్య గల నమోదు ఆ సర్వరు పేరుననే కేంద్రమున కనబడవలెను.