చిరుత ఇల్లు ఎక్కడ?

పిల్లలూ! తిరుమల కొండకు కాలినడకన వెళ్లినవారు మీలో ఎందరో ఉంటారు. 2023 ఆగస్టులో ఆ అలిపిరి మెట్లదారిలోనే ఆరేళ్ల పాపను చిరుతపులి పొట్టన పెట్టుకుంది. తర్వాత బోనులు పెట్టి చిరుతలను పట్టారు. నడిచివెళ్లే భక్తుల చేతికి కర్రలిచ్చారు. ఆ రోజుల్లో మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, పట్టిన చిరుతను దూరపు అడవిలో వదిలేస్తే పీడ పోతుంది కదండీ?" అని అడిగాడు.

నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. మహారాష్ట్రలో సరిగ్గా ఆ పనే చేసి చూశారు. ఏమైందో వినండి.

పూనా జిల్లాలో జున్నర్ అనే ప్రాంతం ఉంది. ఆనకట్టలు కట్టి కాలువలు తవ్వాక అక్కడి మెట్టపొలాలు చెరకు తోటలయ్యాయి. ఏపుగా ఎదిగిన చెరకులో మనిషి నిలబడినా కనబడడు. ఇక చిరుత సంగతి చెప్పాలా? పిల్లల్ని పెట్టడానికి చోటు, తాగడానికి నీరు, తినడానికి ఊరకుక్కలు, మేకలు! 2001 ప్రాంతంలో అటవీశాఖవారు ఆ చిరుతలను బోనుల్లో పట్టి, సగటున 40 కిలోమీటర్ల దూరంలోని అడవుల్లో వదలడం మొదలుపెట్టారు. అంతకుముందు జున్నర్‌లో మనుషులపై దాడులు ఏడాదికి సగటున 4. ఆ తర్వాత 17! పైగా చిరుతలను వదిలిన అడవుల పక్క ఊళ్లలోనూ దాడులు జరిగాయి. విద్యా ఆత్రేయ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె తోటివారు ఈ లెక్కలు కట్టి 2011లో ప్రకటించారు.

ఎందుకిలా జరిగింది? చిరుతకు తన ఇలాకా అంటూ ఒకటి ఉంటుంది. అందులో ఏ వాగు ఎక్కడుందో, మనుషులు ఏ వేళప్పుడు తిరుగుతారో దానికి బాగా తెలుసు. అందుకే మనకంట పడకుండా మన పక్కనే బతకగలదు. అలాంటిదాన్ని బోనులో పడేసి, జనం కేకల మధ్య లారీ ఎక్కించి, ముక్కూ మొహం తెలియని చోట దించితే? బెదిరిపోతుంది. ఆ అడవికి అప్పటికే వేరే చిరుతలు ఉంటాయి, అవి ఉండనివ్వవు. ఇంటికేసి బయలుదేరుతుంది, దారినిండా ఊళ్లే. ఇటు ఖాళీ అయిన ఇలాకాలోకి ఇంకో కుర్ర చిరుత వస్తుంది.

2009లో అప్పటి అహ్మద్‌నగర్ జిల్లాలో ఒక మగ చిరుత బావిలో పడింది. దాన్ని పైకి తీసి, మెడకు ఉపగ్రహం ద్వారా జాడ చెప్పే పట్టీ కట్టి, మాల్షేజ్ ఘాట్‌లో వదిలారు. వయసు మళ్లింది కనుక 'ఆజోబా' అని పేరు పెట్టారు. మరాఠీలో తాతయ్య అని అర్థం. తాతయ్య ఊరుకున్నాడా? రాత్రిళ్లు నడిచాడు. కసారా రైల్వేస్టేషన్ దాటాడు, ఆగ్రా రోడ్డు దాటాడు, ఉప్పుటేరు ఈదాడు. దాదాపు నెల రోజుల్లో, సుమారు 120 కిలోమీటర్లు నడిచి బొంబాయి చేరాడు. దారిలో ఒక్క మనిషి జోలికీ పోలేదు! ఆయన అసలు ఇల్లు అదే అయి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ.

బొంబాయిలో చిరుతలేమిటి అంటారా? ఆ మహానగరం నడుమ సంజయ్ గాంధీ జాతీయవనం ఉంది. వైశాల్యం సుమారు 104 చదరపు కిలోమీటర్లు. చుట్టూ మేడలు, గుడిసెలు. 2015లో అక్కడ 35 చిరుతలను లెక్కపెట్టారు.

ఎలా లెక్కపెట్టారో చెప్పనా? మీ బొటనవేలి గీతలు ఇంకెవరికీ ఉండవు కదా! చిరుత మచ్చలూ అంతే. ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. కాలిబాటకు అటొకటి, ఇటొకటి కెమెరాలు కడతారు. చిరుత వాటి మధ్యకు రాగానే వాటంతటవే ఫోటోలు తీస్తాయి. రెండెందుకు? కుడిపక్క మచ్చలు వేరు, ఎడమపక్క మచ్చలు వేరు! ఒకే కెమెరా ఉంటే ఒకే చిరుతను రెండుగా లెక్కపెట్టే ప్రమాదముంది. ఇక అవి ఏం తింటున్నాయో తెలుసుకోవాలంటే పెంటికలు ఏరి, కడిగి, అందులోని వెంట్రుకలను సూక్ష్మదర్శినిలో చూస్తారు. (ముక్కు మూసుకోకండి, ఇదీ విజ్ఞానమే!) జింకల వెంట్రుకలతోపాటు కుక్కల వెంట్రుకలూ బాగా కనిపించాయి. ఆ కుక్కలను పోషించేది వనం అంచున మనం పోసే చెత్తకుప్పలే.

2004లో ఆ వనం చుట్టుపక్కల ఒక్క జూన్ నెలలోనే పదిమందిదాకా చిరుతల వాత పడ్డారు. బయట పట్టినవాటిని తెచ్చి అక్కడ వదలడం కూడా అందుకొక కారణమని పరిశోధకులు భావించారు. తర్వాత, 2011 నుంచి, అటవీశాఖ, శాస్త్రజ్ఞులు, నగర పౌరులు కలిసి వేరే పని మొదలుపెట్టారు. చెత్త ఎత్తించడం, వీధి దీపాలు వేయించడం, చీకటి పడ్డాక పిల్లల్ని ఒంటరిగా పంపవద్దని, బహిర్భూమికి ఒంటరిగా పోవద్దని వాడవాడలా చెప్పడం. చిరుత కనబడితే జనం గుమిగూడకుండా పోలీసులకు తర్ఫీదు ఇవ్వడం. చిరుతలు అక్కడ ఇంకా ఉన్నాయి. దాడులు మళ్లీ జరగలేదని చెప్పను, జరిగాయి. కాని 2004 నాటి ఘోరం మళ్లీ రాలేదు.

మన ఆజోబా తాతయ్య సంగతి మరిచిపోయారా? కొన్నాళ్లకు మెడపట్టీ సంకేతాలు ఆగిపోయాయి. 2011 చివర్లో, బొంబాయి నుంచి అహమ్మదాబాద్ పోయే రోడ్డుమీద ఒక రాత్రి ఏదో బండి ఢీకొని ఒక చిరుత చనిపోయింది. అటవీశాఖవారు పరీక్షించి చూస్తే, చర్మం కింద బియ్యపుగింజంత గుర్తుబిళ్ల దొరికింది. దాని అంకె ఆజోబాదే.