స్ట్రొమటోలైట్ల వర్గీకరణ

స్ట్రొమటోలైట్లు సున్నపురాయి, డోలమైటు వంటి శిలలలో కనిపించే పొరలుపొరలుగా ఉన్న నిర్మాణాలు. వీటిలో ఎముక గాని, గుల్ల గాని ఉండదు. నీటి అడుగున జిగురు చాపలవలె పెరిగే సూక్ష్మజీవులు, ముఖ్యంగా సయనోబాక్టీరియా, రేణువులను పట్టి ఉంచుట వలన, వాటిపై సున్నపు పదార్థం పేరుకొనుట వలన ఇవి ఏర్పడతాయి. అయితే జీవుల ప్రమేయం లేకుండా కూడా ఇటువంటి పొరలు ఏర్పడగలవు. అందుచే వీటిని జీవులవలె వర్గీకరించవలెనా, కేవలం ఆకారాలుగా వర్గీకరించవలెనా అన్నది వివాదాస్పదమైనది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇవి కడప బేసిన్‌లో విస్తారంగా కలవు.

చరిత్ర

1883లో జేమ్స్ హాల్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఇటువంటి శిలాజానికి క్రిప్టోజూన్ అని పేరు పెట్టాడు. గ్రీకులో దీనికి "దాగిన జంతువు" అని అర్థం. 1908లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ కల్కోవ్‌స్కీ స్ట్రొమటోలైట్ అనే పదాన్ని ప్రవేశపెట్టాడు. 1914లో చార్లెస్ వాల్కాట్ వీటిని శైవలాలుగా భావించి కొలీనియా అనే ప్రజాతిని ఏర్పరచాడు. ఈ విధంగా ఒకే రకపు నిర్మాణం ఒకరికి జంతువు, మరొకరికి మొక్క అయినది. 1950లలో ఆస్ట్రేలియాలోని షార్క్ బే వద్ద సజీవ స్ట్రొమటోలైట్లు గుర్తించబడిన తరువాత, వీటిని నిర్మించేది ఒక జాతి కాదని, అనేక సూక్ష్మజీవుల సముదాయమని స్పష్టమైనది.

వర్గీకరణ పద్ధతులు

* ద్వినామ పద్ధతి: జీవులకువలె ప్రజాతి, జాతి పేర్లు ఇస్తారు. సోవియట్ శాస్త్రజ్ఞులు ఈ పేర్ల ఆధారంగా శిలల వయస్సును పోల్చారు.
* ఆకార పద్ధతి: 1964లో లోగన్, రెజాక్, గిన్స్‌బర్గ్ ప్రతిపాదించారు. పక్కపక్కన కలిసిన గోపురాలు, ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న గోపురాలు, గుండ్రని ఉండలు అని మూడు ముఖ్య రకాలు.

అలల వేగాన్ని, ఒండ్రు పరిమాణాన్ని బట్టి ఒకే సముదాయం వేర్వేరు ఆకారాలను నిర్మించగలదు. కనుక ద్వినామ పద్ధతిలోని పేరును నిజమైన జాతిగా భావించరాదు.

జీవమూలమా, కాదా?

కెనడాలోని ఎయోజూన్ ఈ విషయంలో ప్రసిద్ధ ఉదాహరణ. 1865లో డాసన్ దానిని ఒక పెద్ద ఏకకణజీవి అవశేషంగా వర్ణించాడు. 1894లో వెసూవియస్ అగ్నిపర్వతం వెలువరించిన సున్నపురాళ్లలో అటువంటి పట్టీలే కనిపించడంతో, అవి వేడి వలన ఏర్పడిన ఖనిజ పొరలని తేలినది. 1996లో గ్రోట్జింగర్, రోత్‌మన్ సూక్ష్మజీవులు లేకుండానే గోపురాకార పొరలు పెరుగుటకు గణిత నమూనాను చూపారు. కావున ఆకారం ఒక్కటే జీవానికి సాక్ష్యం కాజాలదు.

ఆంధ్ర ప్రదేశ్‌లో

కడప బేసిన్ శిలలను విలియం కింగ్ 1872లో వివరంగా వర్ణించాడు. ఇక్కడి వేంపల్లె డోలమైటులో స్ట్రొమటోలైట్లు అధికం. తుమ్మలపల్లె యురేనియం నిక్షేపం కూడా ఈ శిలాసముదాయంలోనిదే. దీనిపై ఉన్న శిలలలోకి చొచ్చుకొనివచ్చిన పులివెందుల సిల్ వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరాలు. వేంపల్లె శిలలు అంతకంటే పాతవి. ఈ వయస్సు స్ట్రొమటోలైట్ల పేర్లపై గాక, రేడియోధార్మిక పద్ధతిపై ఆధారపడినది.

నర్సీపట్నం పరిసరాలలోని తూర్పు కనుమల శిలలు ఇందుకు భిన్నమైనవి. ఖోండలైట్, చార్నొకైట్ వంటి ఈ శిలలు తీవ్రమైన వేడికి, ఒత్తిడికి గురై రూపాంతరం చెందినవి. కనుమలలో బొర్రా గుహలవంటి చోట్ల ఉన్న సున్నపురాయి కూడా తిరిగి స్ఫటికీకరించినదే. ఇటువంటి శిలలలో కనిపించే పట్టీలను, ఉండలను ఇతర ఆధారాలు లేకుండా శిలాజాలుగా పరిగణించరాదు.