ఫిల్ముపై ప్రకృతి దృశ్యము

"సెల్‌ఫోనులో వేలకొలది బొమ్మలు వచ్చుచుండగా ఫిల్ముచుట్టకు సొమ్మేల?" అని పిల్లలను మందలించు తల్లిదండ్రులు కలరు. ప్రశ్న న్యాయమైనదే, ఇది వ్యయముతో గూడిన వ్యాసంగము. 120 రకపు చుట్టపై చతురస్రముగా తీసినచో 12 చిత్రములే వచ్చును. రజతలవణములు పూసిన పొరపై ఒకమారు పడిన వెలుగును చెరపరాదు. రసాయనములలో కడిగినగాని ఫలితము కానరాదు. కావున కొండనో చెరువునో చిత్రింపబూనినవాడు మీట నొక్కుటకు ముందే వెలుగునీడలను తూచుకొనవలెను. తొలి చుట్ట యంతయు చెడినను కోపింపకుడు.

1941 నవంబరు 1వ తేదీ సాయంకాలమున, అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమందలి హెర్నాండెజ్ గ్రామము చెంత ఆన్సెల్ ఆడమ్స్‌కు ఇట్టి పరీక్షయే యెదురయ్యెను. తూర్పున చంద్రుడు, క్రింద శ్మశానములోని శిలువలపై అస్తమించు సూర్యుని కడపటి కాంతి. వెలుగును కొలుచు మీటరు చేతికి దొరకలేదు. చంద్రుని ప్రకాశ పరిమాణము ఆయనకు జ్ఞాపకమున్నది. దానినిబట్టి లెక్కవేసి ఒక్క చిత్రము తీసెను. రెండవ ఫిల్ము సిద్ధపరచులోగా శిలువలపై ఎండ తొలగెను.

ఆ యొక్క నెగటివునుండి దశాబ్దములపాటు చీకటిగదిలో ఆయన పెక్కు ప్రతులు ముద్రించెను. తరువాతి ప్రతులలో ఆకాశము మిక్కిలి నలుపెక్కినది. లోకము వానినే మెచ్చినది గాని, నాకు మబ్బులు కనుపించు తొలినాటి లేత ఆకాశమే ఇంపు.