క్రూజ్ డిపాజిట్: షిప్ దిగేలోపే తర్వాతి టూర్‌కి డబ్బు కట్టమంటున్నారా? సంతకం పెట్టే ముందు ఈ లెక్క చూడండి

వారం రోజుల క్రూజ్ టూర్ అయిపోయింది. రేపు ఉదయం షిప్ దిగాలి. పిల్లలేమో "మళ్లీ ఎప్పుడొస్తాం?" అని అప్పుడే అడగడం మొదలుపెట్టారు. సరిగ్గా అదే టైమ్‌లో షిప్‌లోని ఓ డెస్క్ దగ్గర క్యూ కనిపిస్తుంది. "ఇప్పుడు తలా 100 డాలర్లు కట్టండి చాలు.. టూర్ ఎప్పుడనేది ఇంటికెళ్లాక తీరిగ్గా చూసుకోండి. పైగా షిప్‌లో ఖర్చు పెట్టుకోవడానికి క్రెడిట్ కూడా ఇస్తాం" అని అక్కడి సిబ్బంది చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది. వందేగా అనిపిస్తుంది.

కానీ నలుగురున్న కుటుంబానికి అది 400 డాలర్లు. మన రూపాయల్లో 32 వేల పైమాటే. మరి టూర్‌కి వెళ్లకపోతే ఆ డబ్బు వెనక్కి వస్తుందా? వస్తే క్యాష్‌గా వస్తుందా, క్రెడిట్‌గా ఇస్తారా? ఎన్నాళ్లలో వస్తుంది? ఈ మూడు ప్రశ్నలకు ఒక్కో కంపెనీలో ఒక్కో జవాబు ఉంటుంది. ఒకే కంపెనీలో రెండు మూడు రకాల స్కీములు ఉండటంతో చాలామంది అక్కడే తికమక పడుతుంటారు.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ డెస్క్ కొత్తేం కాదు. మయామి, పోర్ట్ కెనావరల్, గాల్వెస్టన్ నుంచి ఏడాది పొడవునా షిప్‌లు బయలుదేరుతుంటాయి. హ్యూస్టన్, డల్లాస్‌లో ఉండేవాళ్లు గాల్వెస్టన్‌కి కారులోనే వెళ్లిపోవచ్చు. ఇటు మన దగ్గర కూడా క్రూజ్‌లపై ఆసక్తి పెరుగుతోంది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థకు చెందిన ఎంప్రెస్ షిప్ విశాఖకు వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో విశాఖ పోర్టులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. అందుకే ఈ డిపాజిట్ స్కీముల సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

ఇంతకీ ఈ డిపాజిట్ ఏంటి?

షిప్‌లో ఉండగానే తర్వాతి టూర్ కోసం కట్టే అడ్వాన్స్‌నే ఆన్‌బోర్డ్ డిపాజిట్ అంటారు. ఇందులో ప్రధానంగా రెండు రకాలున్నాయి.

మొదటిది ఓపెన్ డిపాజిట్. ఇందులో షిప్ పేరు, తేదీ ఏవీ చెప్పక్కర్లేదు. కొంత డబ్బు కట్టి పెట్టుకుంటే, ఇంటికెళ్లాక నచ్చిన టూర్ బుక్ చేసుకునేటప్పుడు దాన్ని వాడుకోవచ్చు.

రెండోది నేరుగా బుకింగ్. ఫలానా షిప్, ఫలానా తేదీ, ఫలానా క్యాబిన్ అని అక్కడే ఖాయం చేసుకుంటారు. ఇందులో మళ్లీ రిఫండబుల్, నాన్ రిఫండబుల్ అని రెండు రేట్లు ఉంటాయి. నాన్ రిఫండబుల్ రేటు తక్కువగా కనిపిస్తుంది. తేడా వస్తే డబ్బు పోయేది కూడా అందులోనే.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఓపెన్ డిపాజిట్‌గా కట్టిన 100 డాలర్లు డిస్కౌంట్ కాదు. తర్వాత టికెట్ కొన్నప్పుడు మీ డబ్బునే బిల్లులో సర్దుతారు. దానిపై అదనంగా వచ్చే క్రెడిట్ లేదా తగ్గింపు ఎంతో, మీకు మిగిలేది అంతే.

ఏ కంపెనీలో ఎలా ఉంటుంది?

ప్రిన్సెస్ క్రూజెస్ ఏళ్లుగా ఫ్యూచర్ క్రూజ్ డిపాజిట్ పేరుతో తలా 100 డాలర్లు తీసుకుంటోంది. దీనికి రెండేళ్ల గడువు ఉంటుంది. వాడుకోకపోతే డబ్బు వెనక్కి ఇచ్చే పద్ధతి ఇది. బుక్ చేసుకున్నవాళ్లకు టూర్ ఎన్ని రోజులు, క్యాబిన్ ఏ రకం అన్నదాన్ని బట్టి షిప్‌లో వాడుకునే క్రెడిట్ వస్తుంది.

డిస్నీలో దీన్ని ప్లేస్‌హోల్డర్ అంటారు. మనిషికి ఇంత అని కాకుండా గదికి 250 డాలర్లు కట్టాలి. 24 నెలల గడువు ఉంటుంది. ప్రధాన ఆకర్షణ టికెట్ ధరలో 10 శాతం తగ్గింపు. అయితే ఆ 10 శాతం క్రూజ్ చార్జీపైనే వర్తిస్తుంది. పన్నులు, పోర్ట్ ఫీజులు యథావిధిగా కట్టాల్సిందే. కొన్ని రకాల గదులకు, కొన్ని తేదీలకు మినహాయింపులు కూడా ఉంటాయి.

రాయల్ కరీబియన్‌లో నెక్స్ట్‌క్రూజ్ డెస్క్ ఉంటుంది. అక్కడ ఎక్కువగా ఫలానా టూర్‌నే ఖాయం చేసుకోమంటారు. నాన్ రిఫండబుల్ డిపాజిట్‌తో బుక్ చేసి, తర్వాత షిప్ లేదా తేదీ మార్చుకుంటే మనిషికి 100 డాలర్ల చొప్పున ఫీజు పడుతుంది.

నార్వేజియన్ క్రూజ్ లైన్ క్రూజ్‌నెక్స్ట్ పేరుతో సర్టిఫికెట్లు అమ్ముతుంది. పేరు డిపాజిటే అయినా ఇది ముందే కూపన్ కొనిపెట్టుకోవడం లాంటిది. అందుకే కొనే ముందే వాపసు నిబంధన చదవాలి.

ఇవన్నీ ఎప్పటికప్పుడు మారుతుంటాయి. డెస్క్ దగ్గర నోటితో చెప్పింది ఒకటి, చేతికిచ్చే కాగితంలో ఉన్నది ఇంకొకటి అయితే కాగితంలో ఉన్నదే చెల్లుతుంది.

కంపెనీలకు లాభం ఏంటి?

టూర్ బాగా ఎంజాయ్ చేసిన మనిషి షిప్ దిగేముందు మంచి మూడ్‌లో ఉంటాడు. ఇంటికెళ్లి ఆఫీసు, స్కూలు హడావుడిలో పడితే మళ్లీ ఆ ఆలోచనే రాదు. అందుకే కంపెనీలు ఆ మూడ్‌లో ఉండగానే అడుగుతాయి. ఒకసారి డిపాజిట్ కట్టినవాళ్లు తర్వాత వేరే కంపెనీ వైపు చూడటం కూడా తగ్గిపోతుంది.

రెండో కారణం.. చేతిలో డబ్బు. 2024 మే చివరి నాటికి కార్నివాల్ కార్పొరేషన్ దగ్గర ఉన్న కస్టమర్ డిపాజిట్లు ఏకంగా 830 కోట్ల డాలర్లు. అప్పటికి అది ఆ సంస్థ చరిత్రలోనే రికార్డు. ప్రయాణికులు అన్ని రకాల టికెట్ల కోసం ముందుగా కట్టిన సొమ్మంతా అందులో ఉంది. జరగబోయే టూర్ల కోసం వచ్చిన ఈ డబ్బుకు కంపెనీ ప్రయాణికులకు వడ్డీ కట్టాల్సిన పని లేదు.

అలాగని ఇదంతా మోసం అనుకోనక్కర్లేదు. నిజంగా మళ్లీ వెళ్లే ఉద్దేశం ఉన్నవాళ్లకు ఇది ఇద్దరికీ లాభం ఉన్న బేరమే. వెళ్తామో లేదో తెలియకుండా కట్టేవాళ్లకే చిక్కు.

క్రెడిట్ వేరు.. క్యాష్ వేరు

ఆన్‌బోర్డ్ క్రెడిట్ అంటే తర్వాతి టూర్‌లో షిప్‌పై ఖర్చు పెట్టుకునే డబ్బు. ఓడ ఆగే ఊళ్లలో టూర్లు, స్పెషల్ రెస్టారెంట్లు, వైఫై, స్పా వంటి వాటికి వాడుకోవచ్చు. ఇలా ఆఫర్‌లో వచ్చే క్రెడిట్‌లో ఎక్కువ శాతం నాన్ రిఫండబుల్. అంటే ఆఖరి రోజు రాత్రికి ఖర్చు కాకుండా మిగిలితే అది పోయినట్టే.

ఇంకో గందరగోళం కూడా ఉంది. ఫ్యూచర్ క్రూజ్ డిపాజిట్, ఫ్యూచర్ క్రూజ్ క్రెడిట్.. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి. మొదటిది మీరు కట్టిన అడ్వాన్స్. రెండోది టూర్ రద్దయినప్పుడో, మీరు మానుకున్నప్పుడో క్యాష్ బదులు కంపెనీ ఇచ్చేది. 2020 మార్చిలో కరోనాతో షిప్‌లు ఆగిపోయినప్పుడు పలు కంపెనీలు 100 డాలర్లు కట్టినవాళ్లకు 125 డాలర్ల విలువైన క్రెడిట్ ఇస్తామన్నాయి. అంకె పెద్దదే. కానీ దాన్ని అదే కంపెనీలో, గడువులోపే వాడుకోవాలి. ఇంటి అద్దె కట్టడానికో, ఫీజు కట్టడానికో అది పనికిరాదు.

లెక్క ఎలా వేసుకోవాలి?

ఉదాహరణకు నలుగురున్న కుటుంబం వారం రోజుల టూర్ బుక్ చేస్తోందనుకుందాం. నాన్ రిఫండబుల్ రేటు 4,000 డాలర్లు, రిఫండబుల్ రేటు 4,400 డాలర్లు అనుకుందాం. మొదటిది తీసుకుంటే 400 డాలర్లు మిగిలినట్టు కనిపిస్తుంది.

ఆర్నెల్ల తర్వాత పిల్లల పరీక్షల వల్లో, సెలవు దొరక్కో తేదీ మార్చాల్సి వచ్చింది. మనిషికి 100 డాలర్ల ఫీజు అంటే నలుగురికి 400. మిగిలిందనుకున్న మొత్తం ఒక్క మార్పుతోనే పోయింది. ఇక టూరే మానుకుంటే? డిపాజిట్ తలా 250 డాలర్లు అయితే 1,000 డాలర్లు ఇరుక్కుంటాయి.

రిఫండబుల్ రేటు తీసుకుంటే మాత్రం ఫైనల్ పేమెంట్ తేదీ వరకు మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. ఈ తేదీ సాధారణంగా ప్రయాణానికి 75 నుంచి 120 రోజుల ముందు ఉంటుంది. అది దాటాక ఏ రేటులో కొన్నా కోత తప్పదు.

ఇంకో లెక్క కూడా చూడాలి. షిప్‌లో 4,000 డాలర్లకు బుక్ చేస్తే 200 క్రెడిట్ ఇస్తారనుకుందాం. అదే టూర్‌ను బయట ఏజెంట్ 3,800కే ఇస్తుంటే పైకి రెండూ సమానమే. కానీ ఏజెంట్ దగ్గర మిగిలిన 200 మీ జేబులోనే ఉంటాయి. షిప్ ఇచ్చిన 200 షిప్‌లోనే ఖర్చు పెట్టాలి. కాబట్టి ధర, క్రెడిట్ రెండూ కలిపి పోల్చాలి.

డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుంది?

గడువు: రెండేళ్ల గడువు అన్నప్పుడు ఆలోపు బుక్ చేస్తే చాలా, లేక ప్రయాణమే అయిపోవాలా అన్నది అడగాలి. ఈ రెండింటి మధ్య ఏడాదికి పైగా తేడా ఉండొచ్చు.

కార్డు: రిఫండ్ సాధారణంగా డబ్బు కట్టిన కార్డుకే వెళ్తుంది. ఈలోపు అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చేసి, అక్కడి కార్డు, అకౌంట్ మూసేస్తే ఆ డబ్బు కోసం మెయిళ్లు, ఫోన్లతో తిరగాల్సి వస్తుంది. తిరిగి వచ్చే ప్లాన్ ఉన్నవాళ్లు అకౌంట్ మూసే ముందే డిపాజిట్ వెనక్కి తీసుకోవడం నయం.

ఇండియా కార్డు: మన కార్డుతో డాలర్లలో కడితే బ్యాంకు ఫారెక్స్ మార్కప్ వేస్తుంది. దానిపై జీఎస్టీ అదనం. రిఫండ్ వచ్చినా ఈ చార్జీలు సాధారణంగా తిరిగి రావు. పైగా రిఫండ్ వచ్చే రోజు డాలర్ రేటు వేరేగా ఉంటుంది.

పేరు: డిపాజిట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే వర్తిస్తుందని చాలా కంపెనీలు రాసుకుంటాయి. మీరు కట్టిపెట్టి, తర్వాత అమ్మానాన్నలను పంపిద్దామంటే కుదరకపోవచ్చు.

వీసా: షిప్ బహామాస్ లాంటి వేరే దేశానికి వెళ్లి వస్తే, అమెరికాలోకి మళ్లీ కొత్తగా అడుగుపెట్టినట్టే. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు ముగిసిన హెచ్1బీ ఉద్యోగులకు అక్కడ ఇబ్బంది రావొచ్చు. స్టాంపింగ్ సంగతి తేలకముందే నాన్ రిఫండబుల్‌లో తేదీ ఖాయం చేసుకోవడం రిస్కే.

కంపెనీ మూతపడితే: ఇదీ జరగని విషయం కాదు. మన దేశంలో 2019లో మొదలైన జలేష్ క్రూజెస్ 2020లోనే మూతపడింది. ఆసియాలో డ్రీమ్ క్రూజెస్ నడిపిన జెంటింగ్ హాంకాంగ్ 2022 జనవరిలో కంపెనీ మూసివేతకు కోర్టు మెట్లెక్కింది. అలాంటప్పుడు అడ్వాన్స్ కట్టినవాళ్లు అప్పులిచ్చిన వాళ్లతో పాటు లైన్‌లో నిలబడాల్సిందే.

అమెరికా పోర్టుల నుంచి బయలుదేరే షిప్‌ల విషయంలో ఫెడరల్ మారిటైమ్ కమిషన్ 2022లో రిఫండ్ నిబంధనలు స్పష్టం చేసింది. కంపెనీయే టూర్ రద్దు చేసినా, మూడు రోజులు అంతకంటే ఎక్కువ ఆలస్యం చేసినా, వెళ్లనన్న ప్రయాణికుడు రిఫండ్ అడగొచ్చు. అయితే ప్రయాణికుడే మనసు మార్చుకుంటే మాత్రం ఈ నిబంధన కాపాడదు.

ఏజెంట్ ద్వారా వెళ్లినవాళ్లు ఏం చేయాలి?

షిప్‌లో బుక్ చేస్తే పాత ఏజెంట్‌తో సంబంధం తెగిపోతుందని చాలామంది అనుకుంటారు. చాలా కంపెనీల్లో ఆ బుకింగ్‌ను మీ ఏజెంట్‌కు బదిలీ చేసుకోవచ్చు. అప్పుడు షిప్ ఇచ్చే క్రెడిట్‌తో పాటు ఏజెంట్ సొంతంగా ఇచ్చేది కూడా దక్కొచ్చు. బదిలీకి మాత్రం గడువు ఉంటుంది. డెస్క్ దగ్గరే ఏజెంట్ పేరు రాయిస్తే పని తేలిక.

ఎవరికి మంచిది? ఎవరికి కాదు?

ఏడాది, రెండేళ్లలో అదే కంపెనీ షిప్‌లో మళ్లీ వెళ్తామని గట్టిగా అనుకుంటున్నవాళ్లకు రిఫండబుల్ ఓపెన్ డిపాజిట్ మంచి బేరమే. వెళ్లకపోయినా అసలు వెనక్కి వస్తుంది. సెలవులు, వీసా, ఉద్యోగం ఏదీ ఖాయం కానివాళ్లు నాన్ రిఫండబుల్ జోలికి పోకపోవడమే మంచిది. క్రెడిట్ కార్డులో వడ్డీకి డిపాజిట్ కట్టడం మాత్రం ఎవరికీ లాభం కాదు. వచ్చే క్రెడిట్ కంటే వడ్డీయే ఎక్కువ కావొచ్చు.

డెస్క్ దగ్గర ఈ 6 ప్రశ్నలు అడగండి

1. ఇది ఓపెన్ డిపాజిటా, ఫలానా టూర్ బుకింగా?
2. వద్దనుకుంటే క్యాష్ వెనక్కి ఇస్తారా, క్రెడిట్ ఇస్తారా?
3. గడువు బుకింగ్‌కా, ప్రయాణానికా? గడువు దాటితే డబ్బు దానంతట అదే వస్తుందా, మనమే అడగాలా?
4. తేదీ మారిస్తే మనిషికి ఫీజు ఎంత?
5. ఈ ఆఫర్ వేరే డిస్కౌంట్లతో కలుస్తుందా? ఏ షిప్‌లకు వర్తించదు?
6. ఇంట్లో వేరేవాళ్ల పేరు మీదకు మార్చుకోవచ్చా?

జవాబులన్నీ కాగితం మీదో, మెయిల్‌లోనో తీసుకోవాలి. ఆ మెయిల్ ఫోన్‌లో సేవ్ చేసుకుని, గడువు తేదీకి నెల ముందు రిమైండర్ పెట్టుకోవాలి. డెస్క్ దగ్గర రద్దీ ఆఖరి రోజే ఎక్కువ. అందుకే టూర్ మధ్యలో ఖాళీ ఉన్న రోజే వెళ్లి వివరాలు తెచ్చుకుంటే, రాత్రికి క్యాబిన్‌లో కూర్చుని నలుగురూ మాట్లాడుకుని నిర్ణయం తీసుకోవడానికి టైమ్ ఉంటుంది.