పాఠం మార్చని ఆచార్యుడు

1967 ఎన్నికల్లో శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు గెలిచిన సర్దార్ గౌతు లచ్చన్న ఆ సీటును ఎంతో కాలం ఉంచుకోలేదు. రాజీనామా చేసి, ఉప ఎన్నికలో తన గురువును నిలబెట్టి గెలిపించుకున్నారు. పంచెల చాపు పెట్టి గురువుకు దణ్ణం పెట్టేవాళ్ళు మన ఊళ్ళలో చాలామందే ఉంటారు. పార్లమెంటు సీటును గురుదక్షిణగా ఇచ్చిన శిష్యుడు అరుదు. ఆ దక్షిణ అందుకున్న గురువు ఆచార్య ఎన్.జి. రంగా.

‘ఆచార్య’ అన్న మాట ఆయన పేరుకు ముందు ఎంతగా అతుక్కుపోయిందంటే, అసలు పేరు గోగినేని రంగనాయకులు అంటే ఇవాళ చాలామంది గుర్తుపట్టరు. ఆయన 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివారు. తర్వాత ఓడెక్కి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి, 1926లో అర్థశాస్త్రంలో బి.లిట్ పట్టా తెచ్చుకున్నారు. తిరిగొచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యుడయ్యారు.

ఆ రోజుల్లో విదేశీ పట్టాతో వచ్చినవాళ్ళు చాలామంది కోర్టుకో కచేరీకో వెళ్ళేవారు. రంగా మాత్రం డెల్టా పల్లెల్లో రైతు ఇంటి జమాఖర్చులు అడిగి తెలుసుకుని, గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం రాశారు. ఆ తర్వాత చేనేత కుటుంబాల బతుకు మీద మరో పుస్తకం రాశారు. పంట పండినా అప్పు ఎందుకు తీరదు, మగ్గం ఆడినా కడుపెందుకు నిండదు అన్నవి ఆయన ప్రశ్నలు. తరగతి గదిలో చెప్పే అర్థశాస్త్రానికి ఆయన తెచ్చుకున్న ఉదాహరణలు ఇంటి వాకిట్లోవే.

ఆ ప్రశ్నలే ఆయన్ని తరగతి గది దాటించాయి. 1920ల చివర కృష్ణా, గోదావరి డెల్టాల్లో భూమి శిస్తు 18.75 శాతం పెంచాలని మద్రాసు ప్రభుత్వం తలపెట్టింది. రూపాయికి మూడణాల పెంపు అన్నమాట. అంతలోనే ప్రపంచాన్ని ఆర్థిక మాంద్యం కమ్మేసింది. ధాన్యం ధరలు పడిపోయాయి, శిస్తు మాత్రం దిగలేదు. రైతు సంఘాలు కట్టి ఊరూరా తిరిగిన రంగా 1930లో గాంధీజీ పిలుపుతో జాతీయోద్యమంలోకి దిగారు. వెంకటగిరి జమీందారీ రైతుల తరఫున నిలబడి జైలుకూ వెళ్ళారు.

రంగా జీవితంలో అన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సిన పని, ఎక్కువమంది మరిచిపోయిన పని, 1933లో సొంత ఊళ్ళో ఆయన పెట్టిన రైతాంగ విద్యాలయం. పొలం దున్నే ఇళ్ళ కుర్రాళ్ళు అక్కడికి వచ్చి రాజకీయాలు, ఆర్థిక విషయాలు నేర్చుకుని, ఊళ్ళకు తిరిగి వెళ్ళి రైతు ఉద్యమ కార్యకర్తలయ్యేవారు. కాలేజీ వదిలినా ఆయన బోధన వదల్లేదు. మద్రాసులో డిగ్రీ కోసం వచ్చినవారికి చెప్పిన పాఠమే నిడుబ్రోలులో శిస్తు కట్టేవాడి కొడుక్కి చెప్పారు. నా మటుకు రంగాను అంచనా కట్టాల్సింది ముందు ఈ బడి దగ్గర, తర్వాతే ఢిల్లీలో.

ఆ దశాబ్దంలోనే ఉద్యమం ఊపందుకుంది. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడైతే, రంగా ప్రధాన కార్యదర్శి. రెండేళ్ళ తర్వాత ఆంధ్ర రైతులు ఇచ్ఛాపురంలో మొదలుపెట్టిన యాత్ర తొమ్మిది జిల్లాల మీదుగా 130 రోజులు, 1500 మైళ్ళకు పైగా సాగింది. అన్ని రోజులు ఆ నడకను నిలబెట్టింది ఊరూరా పనిచేసిన రైతు కార్యకర్తలే.

కమ్యూనిస్టులతో ఆయనకు పొత్తు నిలవలేదు. రంగా చెప్పే రైతు చేతిలో పట్టా ఉన్న రైతేనని, కూలీకి ఆ లెక్కలో వెనక వరసేనని వారి విమర్శ. ఇందులో నిజం లేకపోలేదు. రైతు కూలీ రాజ్యం కావాలని గాంధీజీతో వాదించిన మనిషే అయినా, ఆయన మాటల్లో ఎక్కువగా వినిపించింది సొంత చెక్క మీద బతికే సేద్యగాడి గొంతే. అయితే 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఆయన మాట్లాడిన తీరు కూడా చూడాలి. రాజ్యాంగ లక్ష్యాల తీర్మానం మీద చర్చ నడుస్తోంది. ఈ దేశంలో అసలైన అల్పసంఖ్యాకులు సామాన్య జనమేనన్నారు రంగా. వాళ్ళకు హక్కులు రాసిస్తే సరిపోదు, వాటిని అందుకునే స్థితికి ఎక్కడానికి నిచ్చెన కావాలని వాదించారు. గిరిజనుల భూములు లాక్కోకూడదని చట్టాలున్నా, షావుకార్లు వాళ్ళ నేలను కాజేసి, కాగితాల మీద కట్టుబానిసల్ని చేసుకుంటున్న వైనాన్ని సభ ముందు పెట్టారు. చట్టం వేరు, దాని అమలు వేరు అన్న తేడాను ఆచార్యుడు సభకు ఉదాహరణతో చెప్పాడు.

స్వాతంత్ర్యం తర్వాత ఆయన రాజకీయం మలుపుల మయం. 1951లో కాంగ్రెస్ వదిలారు, కొంతకాలం ప్రకాశం పంతులుతో నడిచి, విడిపోయి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో ఐక్య కాంగ్రెస్ కూటమిలో ఆ పార్టీకి 22 సీట్లు వచ్చాయి. తర్వాత అది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 1957లో తెనాలి నుంచి ఆయన లోక్‌సభకు గెలిచారు.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సమావేశం ఉమ్మడి సహకార సేద్యమే దేశానికి దారి అని తీర్మానించింది. గట్లు చెరిపి పొలాలన్నీ కలిపితే రైతు రైతుగా మిగలడని రంగా నమ్మకం. కాంగ్రెస్‌కు దణ్ణం పెట్టి బయటికొచ్చారు. ఆ ఏడాదే రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి, దాని వ్యవస్థాపక అధ్యక్షుడయ్యారు. 1962లో తెనాలిలో ఓడిపోయినా, అనంతశయనం అయ్యంగార్ బీహారు గవర్నరుగా వెళ్ళడంతో చిత్తూరులో వచ్చిన ఉప ఎన్నికలో గెలిచి సభకు తిరిగొచ్చారు. రైత్వారీ భూములను కూడా ‘ఎస్టేటు’ నిర్వచనంలోకి తెచ్చిన 17వ రాజ్యాంగ సవరణను 1964లో స్వతంత్ర పార్టీ గట్టిగా ఎదిరించింది. డెల్టా రైతు ఇంట పుట్టిన రంగాకు అది సొంత వాకిటి గొడవ. 1967లో ఆ పార్టీ 44 సీట్లతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షంగా నిలిచింది. లచ్చన్న ఇచ్చిన దక్షిణ విలువ అప్పుడు తెలిసొచ్చింది. సభలో ఆ పక్షానికి నాయకుడు రంగా.

తర్వాత మళ్ళీ కాంగ్రెస్ గూటికే చేరారు. ఇన్నిసార్లు పార్టీలు మారిన మనిషిని ఎలా నమ్మాలని అడిగేవారున్నారు. అడగాల్సిన ప్రశ్నే. 1930లలో శిస్తు, 1950లలో సాగు పద్ధతి, 1960లలో పట్టా. ఆయన తగువు పడిన ప్రతిచోటా మధ్యలో ఉన్నది రైతు చేతిలోని నేలే.

గుంటూరు ఆయన్ని 1980, 1984, 1989లలో వరుసగా గెలిపించింది. 1984లో తెలుగుదేశం ప్రభంజనంలో రాష్ట్రంలోని 42 స్థానాల్లో కాంగ్రెస్‌కు మిగిలినవి ఆరే. వాటిలో 84 ఏళ్ళ రంగా గెలిచిన గుంటూరు ఒకటి. 1991లో అక్కడే తెలుగుదేశం అభ్యర్థి లాల్‌జాన్ బాషా చేతిలో ఓడిపోయారు. బ్రిటిష్ కాలపు కేంద్ర శాసనసభతో మొదలైన ఆ చట్టసభల ప్రయాణం గిన్నిస్ పుస్తకానికెక్కింది. 1991లోనే పద్మవిభూషణ్ వచ్చింది. 1995 జూన్ 9న ఆయన కన్నుమూశారు.

మరుసటి ఏడాది రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. రాష్ట్రం విడిపోయాక రాజేంద్రనగర్‌లోని విశ్వవిద్యాలయానికి తెలంగాణ ఆచార్య జయశంకర్ పేరు పెట్టుకుంది. ఆయనా అర్థశాస్త్రం చెప్పిన పంతులే. రంగా పేరు ఆంధ్రప్రదేశ్ వాటాకు వచ్చి, గుంటూరు పక్కనే లాం గ్రామానికి చేరింది. వ్యవసాయం చదువుకోవడానికి వచ్చే పల్లె పిల్లల సర్టిఫికెట్ల మీద ఇప్పుడు ఆ నిడుబ్రోలు మాస్టారి పేరే ఉంటుంది.