పేరు చెరిపిన మాత్రమున గుట్టు దాగునా?

సాంఘికజాలములలో ఎవరికెవరు స్నేహితులో తెలుపు పట్టికలను పరిశోధనకై ఇతరుల కొసగునప్పుడు, పేర్లు చెరిపి అంకెలు వేయుట కలదు. పేరు లేదు గనుక భయము లేదని పలువురు తలంతురు. ఈ తలంపు పొరపాటని 2007లో బాక్‌స్ట్రామ్, డ్వర్క్, క్లైన్‌బర్గ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు చూపిరి. లైవ్‌జర్నల్ అను జాలమున 44 లక్షల మంది యుండగా, ముందుగా 7 దొంగఖాతాలు చేర్చినవాడు, పేర్లు చెరిపిన పిమ్మటను సుమారు 2,400 జంటల నడుమ స్నేహ మున్నదో లేదో కనిపెట్టగలడని వారు తేల్చిరి.

అట్లయిన జాలమునందలి గుట్టును కొలుచు టెట్లు? వేగులవానినుండి ఎవరెంత దూరమున నున్నారో చూచుట యొక పద్ధతి. రామయ్య, యోహాను, కరీము, సుబ్బయ్య, దావీదు వరుసగా నిలిచిరనియు, ప్రక్కప్రక్కవారు మాత్రమే స్నేహితులనియు అనుకొందము. నడుమనున్న కరీము వేగులవాడైనచో, యోహాను, సుబ్బయ్యలు ఒక మెట్టు దూరమునను, రామయ్య, దావీదులు రెండు మెట్ల దూరమునను ఉందురు. ప్రతివానికిని తనవంటివాడు మరొకడు కలడు. కనుక దూరమునుబట్టి ఎవడెవడో తేలదు. కొలత 2. చివరనున్న రామయ్యయే వేగులవాడైనచో, తక్కినవారి దూరములు 1, 2, 3, 4. నలుగురును పట్టుబడుదురు. కొలత 1. జాల మొక్కటియే, వేగులవాని చోటు మారగా కొలత మారినది.

కావున వేగులవారు కాదగిన కూటముల నన్నిటిని పరీక్షింపవలసి వచ్చును. ఒక్క కూటమిని పరీక్షించుట సులభమే; చిక్కంతయు వాని సంఖ్యయందున్నది. 40 మంది గల తరగతినుండి ఏడుగురిని ఎన్నుకొను విధములు 1,86,43,560. ఎందరినైనను ఎన్నుకొనవచ్చునన్నచో ఆ సంఖ్య లక్ష కోట్లు దాటును. ఇక లక్షలమంది గల జాలముమాట చెప్పనేల? ఇట్టి కొలతయందలి ముఖ్యసమస్యను గణితజ్ఞులు ఎన్.పి.-సంపూర్ణములను తరగతిలో చేర్చిరి. అనగా, సమాధానము చేతికిచ్చినచో సరిచూచుట తేలిక. వెదకుటకు మాత్రము ఎల్లప్పుడును త్వరగా ముగియు పద్ధతి ఇంతవరకు ఎవ్వరికిని దొరకలేదు. అట్టిది లేనేలేదనియు ఎవ్వరును నిరూపింపలేదు. అందుచేత పెద్ద జాలములకు ఉజ్జాయింపు లెక్కలతో తృప్తిపడవలసి యున్నది.

విద్యార్థులారా, పై వరుసలో దావీదు రామయ్యను ఎరుగనే యెరుగడు, అయినను పట్టుబడెను. మన స్నేహపట్టికయందు మనకు తెలియని పొరుగువాని గుట్టును దాగియున్నది. దానిని పంచుటకు నిమిషము చాలును. దానివలని హానిని కొలుచుటకు మహాయంత్రములును చాలవు. కావున, పేర్లు తీసివేసితిమి, భయములేదు అని ఎవరైన పలికినచో, ఎందరు వేగులవారిని తలంచి కొలిచితిరని మర్యాదగా అడుగుడని మా మనవి.