మోటారు సైకిలుపై హామ్ రేడియో: లైసెన్సు, దూరం, క్రమశిక్షణ

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు
- హామ్ రేడియో సేవ స్వభావాన్ని, దాని హద్దులను వివరించగలుగుతారు.
- లైసెన్సు పొందే క్రమాన్ని దశలవారీగా చెప్పగలుగుతారు.
- మైదాన ప్రాంతంలో చేతి సెట్టు ఎంత దూరం అందుతుందో లెక్కకట్టగలుగుతారు.
- బండి నడుపుతూ రేడియో వాడేటప్పుడు పాటించవలసిన భద్రతా సూత్రాలను పేర్కొనగలుగుతారు.

1. పరిచయం

గుంటూరు నుంచి ఒంగోలుకు 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 110 కిలోమీటర్లు. ఐదుగురు మిత్రులు ఐదు బండ్ల మీద బయలుదేరారనుకుందాం. చిలకలూరిపేట దాటేసరికి ముందు బండి ఒకచోట, చివరి బండి ఒకచోట ఉంటాయి. ఒకరి బండి టైరు పంక్చరయితే ముందువాళ్ళకు తెలియడానికి చాలాసేపు పడుతుంది. ఫోను చేయాలంటే బండి ఆపాలి, అవతలివాళ్ళు కూడా ఆపి ఎత్తాలి. అందరూ ఒకేసారి వినగలిగే సాధనం ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ సాధనం రేడియో.

అయితే రేడియో కొనడం వేరు, దాన్ని వాడే అర్హత సంపాదించడం వేరు. సెట్టు ఆన్‌లైనులో ఒక రోజులో వస్తుంది. అర్హతకు మాత్రం చదవాలి, పరీక్ష రాయాలి. ప్రభుత్వం ఇంత పట్టుదలగా ఎందుకుంది? ఆ పరీక్షలో నేర్చుకున్నది బండి మీద, ఆపైన తుఫాను వేళ ఎలా పనికివస్తుంది? ఈ పాఠ్యభాగంలో తెలుసుకునేది ఇదే.

2. హామ్ రేడియో: స్వభావం, హద్దులు

హామ్ రేడియోకు చట్టంలో ఉన్న పేరు అమెచ్యూర్ సర్వీసు. ధనాపేక్ష లేకుండా, స్వయంగా నేర్చుకోవడానికి, ప్రయోగాలు చేయడానికి, ఇతర అమెచ్యూర్లతో మాట్లాడటానికి ఉద్దేశించిన సేవ ఇది. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కూడా లైసెన్సు ఉన్న హామ్. ఆయన కాల్‌సైన్ వి.యు.2 ఆర్.జి. తెలుగు ప్రాంతంలో ఈ రంగానికి కేంద్రంగా పనిచేస్తున్నది హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ. ఇది 1983లో ఏర్పడింది.

ఈ సేవకు గట్టి హద్దులున్నాయి. వ్యాపార సంభాషణ నిషిద్ధం. గుంటూరు మిర్చి యార్డులో ఇవాళ తేజ రకం ధర ఎంత పలికిందో కమిషను వ్యాపారి తన గుమాస్తాకు హామ్ బ్యాండు మీద చెప్పకూడదు. జిన్నింగ్ మిల్లుకు ఎన్ని బోరాల పత్తి వస్తోందో చెప్పకూడదు. పాటలు ప్రసారం చేయకూడదు. రహస్య సంకేత భాష వాడకూడదు. మామూలు రోజుల్లో మూడో మనిషి తరఫున కబుర్లు చేరవేయకూడదు. ప్రతి సంభాషణలోనూ కాల్‌సైన్ చెప్పి తీరాలి. చెప్పే మాటలను ఎవరైనా వినవచ్చు. ఊరి రచ్చబండ దగ్గర మాట్లాడుతున్నట్టే ఇక్కడా మాట్లాడాలి.

ఈ హద్దులు చదివాక, నాకు కావలసింది స్నేహితుల బండ్ల మధ్య మాట మాత్రమే కదా అని మీకనిపిస్తే హామ్ లైసెన్సు అవసరం లేదు. హెల్మెట్లలో అమర్చుకునే బ్లూటూత్ ఇంటర్‌కమ్ సరిపోతుంది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్‌జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి వాకీటాకీలకు కూడా మన దేశంలో లైసెన్సు మినహాయింపు ఉంది. కాని ఆ సెట్టుకు ప్రభుత్వ పరికర ఆమోదం ఉండాలి. ఆన్‌లైనులో చవకగా దొరికే సెట్లలో చాలావాటికి ఈ మినహాయింపు వర్తించదు. అందుకే 2025 మే నెలలో వాకీటాకీల ఆన్‌లైను అమ్మకాలపై కేంద్రం మార్గదర్శకాలు విడుదల చేసింది. లైసెన్సు కావలసిన సెట్టును లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. వాడలేదు, బీరువాలో పెట్టాను అన్న సమాధానం చెల్లదు.

3. లైసెన్సు పొందే క్రమం

మన దేశంలో ఈ సేవకు పునాదులు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం. వాటి మీద 1978లో అమెచ్యూర్ సర్వీసు నియమాలు వచ్చాయి. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది కనుక ఫీజులు, దరఖాస్తు పత్రాలు మారే అవకాశం ఉంటుంది. దరఖాస్తు చేసే ముందు టెలికాం శాఖవారి సరళ్ సంచార్ పోర్టల్‌లో అప్పటి నిబంధనలను తప్పక చూడండి. మౌలిక క్రమం ఇది.

మొదటి దశ: అర్హత. 12 ఏళ్ళు నిండిన భారత పౌరులు పరీక్ష రాయవచ్చు. నిర్దిష్ట విద్యార్హత అక్కరలేదు. బి.ఏ., బి.కాం. విద్యార్థులు కూడా నిరభ్యంతరంగా రాయవచ్చు.

రెండో దశ: తరగతి ఎంపిక. 1978 నియమాలు, తరవాతి సవరణల ప్రకారం రెండు తరగతులున్నాయి. రిస్ట్రిక్టెడ్ తరగతికి రాత పరీక్ష ఒక్కటే. జనరల్ తరగతికి రాత పరీక్షతోపాటు నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ సంకేతాలు పంపడం, అందుకోవడం రావాలి. రిస్ట్రిక్టెడ్ తరగతిలో అనుమతించే శక్తి, పౌనఃపున్యాలు తక్కువ. అయినా బండి మీద వాడే చేతి సెట్టుకు అవి చాలు.

మూడో దశ: పరీక్ష. ప్రశ్నపత్రంలో రెండు విభాగాలు. మొదటిది రేడియో సిద్ధాంతం: ఓం నియమం, అనునాదం, మాడ్యులేషన్, రిసీవరు, ట్రాన్స్‌మీటరు, యాంటెన్నా, తరంగాల ప్రసరణ. రెండోది నిబంధనలు: అంతర్జాతీయ, భారతీయ రేడియో నియమాలు, క్యూ సంకేతాలు, ఆపద సంకేతాలు. ఒక విభాగంలో ఎక్కువ మార్కులు తెచ్చుకుని రెండోదాన్ని వదిలేస్తే కుదరదు. ప్రతి విభాగంలోనూ విడిగా కనీస మార్కులు రావాలి. సర్క్యూటు తెలిసి నియమం తెలియనివాళ్ళు, నియమం తెలిసి సర్క్యూటు తెలియనివాళ్ళు ఇద్దరూ గాలిలో ప్రమాదమే కదా!

నాలుగో దశ: లైసెన్సు. ఉత్తీర్ణులైన తరవాత లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. విచారణ ముగిశాక మీ పేరున కాల్‌సైన్ వస్తుంది. జనరల్ తరగతికి వి.యు.2తో, రిస్ట్రిక్టెడ్ తరగతికి వి.యు.3తో మొదలయ్యే కాల్‌సైన్లు ఇస్తారు. ఈ అర్హత మనిషికి చెందినది. మీ సెట్టును లైసెన్సు లేని తమ్ముడికిచ్చి మాట్లాడమనడం తప్పు. లైసెన్సులో స్టేషన్ చిరునామా ఉంటుంది. ఆ చిరునామాకు బయట, ముఖ్యంగా వాహనం మీద వాడటానికి వర్తించే షరతులను చదివిన తరవాతే బండి ఎక్కాలి.

4. తరంగం ఎంత దూరం పోతుంది?

బండి మీద ఎక్కువగా వాడేది 144–146 మెగాహెర్ట్‌జ్ బ్యాండు. తరంగదైర్ఘ్యాన్ని మీటర్లలో తెలుసుకోవాలంటే 300ను మెగాహెర్ట్‌జ్‌లలోని పౌనఃపున్యంతో భాగించాలి. 300 ÷ 145 = 2.07 మీటర్లు. అందుకే దీన్ని రెండు మీటర్ల బ్యాండు అంటారు. ఇందులో నాలుగో వంతు, అంటే సుమారు 52 సెంటీమీటర్లు, పావు తరంగ యాంటెన్నా పొడవు.

ఈ తరంగాలు సాధారణంగా చూపు మేర సాగుతాయి. భూమి గుండ్రంగా ఉండటం వల్ల యాంటెన్నా ఎత్తును బట్టి దూరం మారుతుంది. సూత్రం ఇది:

దూరం (కిలోమీటర్లలో) = 4.12 × (√మొదటి యాంటెన్నా ఎత్తు + √రెండో యాంటెన్నా ఎత్తు)

ఎత్తులను మీటర్లలో తీసుకోవాలి. రెండు బండ్ల మీదా యాంటెన్నాలు 1.5 మీటర్ల ఎత్తున ఉంటే, 4.12 × (1.22 + 1.22) = సుమారు 10 కిలోమీటర్లు. ఇది ఏ అడ్డూ లేనప్పటి సైద్ధాంతిక హద్దు మాత్రమే. పత్తి, మిరప చేలు పొట్టి పైర్లు కనుక పెద్దగా అడ్డురావు. కాని ఒంగోలు వైపు సుబాబుల్, జామాయిల్ తోటలు, గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీ భవనాలు, ఊళ్ళలో మేడలు తరంగాన్ని బలహీనపరుస్తాయి. 5 వాట్ల చేతి సెట్టును జేబులో పెట్టుకుంటే శరీరం కూడా కొంత శక్తిని పీల్చుకుంటుంది. ఆచరణలో రెండు మూడు కిలోమీటర్లే నికరమని అనుకుని ప్రయాణం పథకం వేసుకోవడం వివేకం.

ఇప్పుడు ఒక మనిషి 100 మీటర్ల కొండ మీద, మరొకరు రోడ్డు మీద ఉన్నారనుకోండి. 4.12 × (10 + 1.22) = సుమారు 46 కిలోమీటర్లు. వాట్లు పెంచకుండానే దూరం నాలుగున్నర రెట్లు పెరిగింది. కోటప్పకొండ, కొండవీడు వంటి ఎత్తులు ఈ మైదానంలో రేడియోకు ఎంత విలువైనవో దీన్నిబట్టి గ్రహించవచ్చు. ఒక పౌనఃపున్యంపై విని మరో పౌనఃపున్యంపై వెంటనే తిరిగి ప్రసారం చేసే రిపీటర్లను ఎత్తయిన చోట్ల పెట్టేది ఇందుకే.

5. బండి మీద అమరిక

కారుకు ఇనుప పైకప్పు ఉంటుంది. పావు తరంగ యాంటెన్నాకు అది భూతలంగా పనిచేస్తుంది. మోటారు సైకిలుకు అలాంటి తలం లేదు. కాబట్టి భూతలం అవసరంలేని అర తరంగ యాంటెన్నాను వెనక క్యారియరుకు బిగించడం మేలు. దాని పొడవు మీటరు దాకా ఉంటుంది కనుక పల్లెదారుల్లో కిందికి వంగిన చింత, వేప కొమ్మలను గమనించుకోవాలి.

మైకు, స్పీకరు హెల్మెట్ లోపల ఉండాలి. మైకు పెదవికి దగ్గరగా, గాలి నేరుగా తగలకుండా ఉంటే మాట స్పష్టంగా వెళుతుంది. మాట్లాడే మీటను హ్యాండిలుకు ఎడమవైపు, చేయి వదలకుండానే బొటనవేలికి అందేలా అమర్చాలి. చెవులు రెండూ మూసుకుపోకూడదు. వెనక లారీ హారన్ వినబడాలి. రెంటచింతల ఎండల్లో లిథియం బ్యాటరీ ఉన్న సెట్టును ట్యాంకు మీది నల్లసంచిలో వదిలేయడం ప్రమాదకరం.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2019 సవరణ తరవాత మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్, వాహనం నడుపుతూ చేతిలో పట్టుకునే సమాచార సాధనం వాడటాన్ని ప్రమాదకర డ్రైవింగులో చేర్చింది. హామ్ లైసెన్సు దీనినుంచి రక్షణ ఇవ్వదు. సెట్టును చేత్తో పట్టుకోవలసి వస్తే ముందు బండిని పక్కకు ఆపండి.

6. దారిలో మాట్లాడే పద్ధతి

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. పది సెకన్ల మాటలో 170 మీటర్ల దారి గడిచిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ దారుల మీద మిర్చి టిక్కీల ట్రాక్టర్లు, కోతలకు వెళ్ళే కూలీల ఆటోలు, పక్కన ఎర్రగా పరిచిన కళ్ళాలు ఉంటాయి. ఆ 170 మీటర్లలో ఏదైనా ఎదురు రావచ్చు. అందుకే ఈ సూత్రాలు:

- మీట నొక్కే ముందు విను. వేరొకరు మాట్లాడుతుంటే ఆగు.
- చెప్పదలచినది మనసులో కూర్చుకుని ఒక్క వాక్యంలో చెప్పు.
- కాల్‌సైన్ చెప్పు. మాట అయ్యాక "ఓవర్" అను.
- కూడలి, మలుపు, ఓవర్‌టేక్ సమయాల్లో జవాబివ్వకు. పిలిచినవారు కూడా జవాబు కోసం ఒత్తిడి చేయకూడదు.
- పొడుగు కబుర్లు టీ కొట్టు దగ్గర చెప్పుకోండి.

జట్టులో ముందు బండి, చివరి బండి మాత్రమే ఎక్కువగా మాట్లాడాలి. "ఎడమపక్క వడ్ల ట్రాక్టరు, లైట్లు లేవు" అన్న ముందు బండి మాట, "అందరం వచ్చేశాం" అన్న చివరి బండి మాట చాలు. నడుమ ఉన్నవారు వింటారు. లైసెన్సు లేనివారు వినడానికే పరిమితం కావాలి. వారి దగ్గరున్నది కూడా నిబంధనలకు లోబడిన సాధనమే అయి ఉండాలి.

7. తుఫాను వేళ

1977 నవంబరు 19న దివిసీమను, పరిసర తీరాన్ని ఉప్పెన ముంచెత్తింది. వేలాదిమంది మరణించారు. తీగలు తెగి, దారులు మునిగి, నష్టం ఎంతటిదో బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోనుంది కదా అనవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు అంత పెద్ద నగరంలోనూ ఫోన్లు మూగబోయాయి. సెల్ టవరుకు కరెంటు కావాలి. కరెంటు పోతే బ్యాటరీ, తరవాత డీజిలు. అవి అయిపోతే నిశ్శబ్దం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మిరప చేలో ఉండి, పత్తి చేతికొచ్చే రోజులూ, తుఫాన్ల రోజులూ ఈ ప్రాంతంలో ఒకటే.

హామ్ సెట్టుకు టవరు అక్కరలేదు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం ప్రయోగాత్మక ప్రసారాల కోసం అండమాన్‌లో ఉంది. 26న సునామీ వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి వారి హామ్ స్టేషన్ సహాయ సమాచారాన్ని చేరవేసే కేంద్రంగా మారింది. వేడుకగా మొదలైన పని విపత్తులో సేవ అయింది.

చెట్లు కూలిన దారిలో కారు ఆగిపోయినచోట మోటారు సైకిలు వెళ్ళగలదు. దాని 12 వోల్టుల బ్యాటరీ నుంచి సెట్టును చార్జి చేసుకోవచ్చు. మామూలు రోజుల్లో నిషిద్ధమైన మూడో మనిషి సందేశం విపత్తులో అనుమతం అవుతుంది. ఆ సందేశంలో నాలుగు అంశాలుండాలి: ఏ ఊరు, ఏం కావాలి, ఎంతమందికి, ఏ సమయానికి తెలిసిన సంగతి. విన్నవారు కాగితం మీద రాసుకుని తిరిగి చదివి వినిపించాలి. "ఇరవైమంది" అన్నది "అరవైమంది"గా వినబడితే పడవ తప్పు ఊరికి పోతుంది. అధికారుల అనుమతి లేకుండా వరదనీటిలోకి బండి దింపడం సేవ కాదు, వారికి మరో పని కల్పించడం.

ఈ అలవాట్లు తుఫాను రోజున కొత్తగా రావు. ఆదివారం ప్రయాణాల్లో ఒక్క వాక్యంలో మాట్లాడటం, విని జవాబివ్వడం, కాల్‌సైన్ మరవకపోవడం అభ్యాసమైనవారికే ఆ రోజు అక్కరకు వస్తాయి.

8. సారాంశం

హామ్ రేడియో ఫోనుకు ప్రత్యామ్నాయం కాదు, వ్యాపార సాధనం అసలే కాదు. పరీక్ష ద్వారా మనిషికి లభించే అర్హత ఇది. రెండు మీటర్ల బ్యాండులో దూరాన్ని ముఖ్యంగా నిర్ణయించేది యాంటెన్నా ఎత్తు. బండి మీద చేయి హ్యాండిలును వదలకూడదు, మాట క్లుప్తంగా ఉండాలి. నిత్యం పాటించిన ఈ క్రమశిక్షణే విపత్తులో ప్రజలకు ఉపయోగపడుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. రిస్ట్రిక్టెడ్, జనరల్ తరగతుల మధ్య ముఖ్యమైన తేడా ఏమిటి?
2. ఒక యాంటెన్నా 25 మీటర్ల ఎత్తున, మరొకటి 1 మీటరు ఎత్తున ఉంటే సైద్ధాంతిక దూరం ఎంత?
3. మిర్చి ధరలను హామ్ బ్యాండు మీద ఎందుకు చెప్పకూడదు?

జవాబులు: 1. జనరల్ తరగతికి మోర్స్ పరీక్ష ఉంటుంది. అనుమతించే శక్తి, పౌనఃపున్యాలు ఎక్కువ. 2. 4.12 × (5 + 1) = 24.7 కిలోమీటర్లు. 3. అమెచ్యూర్ సేవ ధనాపేక్ష లేనిది. వ్యాపార సంభాషణ నిషిద్ధం.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. హామ్ రేడియో లైసెన్సు పొందే దశలను వివరించండి.
2. మీ ఊరి చుట్టుపక్కల ఎత్తయిన స్థలాలను గుర్తించి, అక్కడినుంచి మండల కేంద్రానికి రెండు మీటర్ల బ్యాండులో మాట అందుతుందో లేదో లెక్కకట్టి రాయండి.